డూమ్ గేమ్‌లో మా అమ్మమ్మ ఇల్లు

1993 డిసెంబర్ 10న విడుదలైన గేమ్ అది. పేరు డూమ్. ఇది చదువుతున్న మీలో చాలామంది అప్పటికి పుట్టి ఉండరు. నేనూ పుట్టలేదు. అయినా ఆ గేమ్‌కి ఇప్పటికీ కొత్త లెవెల్స్ వస్తూనే ఉన్నాయి. చేసేది కంపెనీ కాదు. పగలంతా ఉద్యోగమో చదువో చూసుకుని, రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చునే మామూలు జనం. ఎవరూ పైసా ఇవ్వరు. అయినా చేస్తారు!

మనవైపు నెట్ సెంటర్ల రోజుల్లో ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్ ఆడని కుర్రాడు లేడు. డూమ్ అంటే మాత్రం కొద్దిమందికే తెలుసు. కౌంటర్ స్ట్రైక్‌లో 'డస్ట్' మ్యాప్ గుర్తుందా? ఆ ఇసుక రంగు గోడలు, ఆ సందులు? దాన్ని చేసిన డేవ్ జాన్‌స్టన్ కంపెనీ ఉద్యోగి కాదు, ఇంగ్లండ్‌లో ఓ కుర్రాడు. అసలు కౌంటర్ స్ట్రైకే 1999లో 'హాఫ్ లైఫ్' అనే గేమ్ మీద మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు సొంతంగా కట్టుకున్న మాడ్. ఆడేవాళ్ళే కట్టేవాళ్ళు కావడం అనే ఈ పిచ్చిని ప్రపంచానికి బాగా అంటించింది మాత్రం డూమే.

ఆ పిచ్చి గోదావరి ఒడ్డున నాకూ అంటుకుంది. ఎందుకో, ఎలాగో చెప్తాను.

గేమ్ వేరు, ఇల్లు వేరు

డూమ్ చేసినవాళ్ళలో జాన్ కార్మాక్, జాన్ రొమేరో ముఖ్యులు. వాళ్ళు ఒక తెలివైన పని చేశారు. గేమ్‌ని నడిపించే ఇంజిన్‌ని ఒక పక్కన, గోడలూ బొమ్మలూ శబ్దాలూ లెవెల్స్ అన్నిటినీ ఇంకో ఫైల్‌లో పెట్టారు. ఆ ఫైల్‌ని 'వాడ్' అంటారు. మీ సొంత వాడ్ తయారుచేసుకుని ఇంజిన్‌కి ఇస్తే, అది మీ లెవెల్‌ని నడిపిస్తుంది. అసలు గేమ్‌ని పాడుచేయక్కర్లేదు.

1994 మొదట్లోనే న్యూజిలాండ్‌కి చెందిన బ్రెండన్ వైబర్ మొదలుపెట్టిన ఎడిటర్ జనం చేతికొచ్చింది. ఇక ఆగలేదు. కంపెనీ కూడా అడ్డుపడలేదు. మీ లెవెల్స్ ఉచిత శాంపిల్ గేమ్‌తో కాకుండా, కొనుక్కున్న గేమ్‌తోనే నడిచేలా చూడండి అని మాత్రం అడిగింది. 1996లో వచ్చిన 'ఫైనల్ డూమ్' అయితే అభిమానులు చేసిన లెవెల్స్‌ని కంపెనీయే కొని అమ్మిన ప్యాకేజీ. 1997 డిసెంబర్‌లో ఇంజిన్ సోర్స్ కోడ్‌ని కూడా బయటపెట్టేశారు. అందుకే ఇవాళ డూమ్ విండోస్‌లో నడుస్తుంది, లినక్స్‌లో నడుస్తుంది, మీ జేబులో ఉన్న ఫోన్‌లో కూడా నడుస్తుంది.

2004 నుంచి ప్రతి డిసెంబర్‌లో, గేమ్ పుట్టినరోజు వేళకి, ఆ ఏడాది వచ్చిన మంచి లెవెల్స్‌కి 'కాకోవార్డ్స్' పేరుతో అవార్డులు ఇస్తున్నారు. ఇచ్చేదీ అభిమానులే, తీసుకునేదీ అభిమానులే. జాన్ రొమేరో కూడా వీళ్ళలో ఒకడిలా కొత్త లెవెల్స్ చేస్తుంటాడు. 2022 మార్చిలో యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్ కోసం ఒక్క లెవెల్ చేసి 5 యూరోలకి పెట్టి, వచ్చిన డబ్బు సాయానికి ఇచ్చాడు. 2024 ఆగస్టులో డూమ్‌ని మళ్ళీ విడుదల చేసినప్పుడు, అందులో కలిపిన కొత్త ఎపిసోడ్‌ కోసం ఈ అభిమానుల గుంపులోంచి వచ్చినవాళ్ళు కూడా పనిచేశారు.

గుడి కాదు, ఇల్లు

మాది పట్టిసీమ. గోదావరి మధ్యలో దేవకూట పర్వతం, దాని మీద వీరభద్రస్వామి గుడి. శివరాత్రికి జనం పడవల మీద, పంట్ల మీద తీర్థానికి వస్తారు. మా ఊరి పేరు ఇంకోలా తెలిసినవాళ్ళూ ఉంటారు. 2015లో కట్టిన పట్టిసీమ ఎత్తిపోతల పథకం, 24 పంపులతో గోదావరి నీళ్ళని కాలవలో పోసి కృష్ణకి పంపించేది, అది మా ఊళ్ళోనే.

లెవెల్స్ చేయడం నేర్చుకుంటున్నానని తెలియగానే మా ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట. "గుడి చెయ్యరా, కొండా గోదారీ అన్నీ పెట్టు, అదిరిపోద్ది" అని. నిజమే, అదిరిపోతుంది. కానీ డూమ్ అంటే చేతిలో తుపాకీ, ఎదురుగా రాక్షసులు. స్వామి గుడిలో తుపాకీ పట్టుకుని తిరగడానికి నాకు మనసొప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. గుడి ఎక్కడికీ పోదు. రేపు చెయ్యొచ్చు, పదేళ్ళ తరవాత చెయ్యొచ్చు. మా అమ్మమ్మ ఇల్లు అలాక్కాదు.

మా అమ్మమ్మ వాళ్ళ ఊరు మాకు ఎగువన, అవతలి ఒడ్డున, దేవీపట్నం వైపు. చిన్నప్పుడు సెలవులిస్తే లాంచీ ఎక్కి వెళ్ళేవాళ్ళం. పోలవరం ముంపు ఊళ్ళలో అదీ ఒకటి. 2021 వానాకాలంలో కాఫర్ డ్యామ్ వెనక నీళ్ళు నిలిచి దేవీపట్నం మండలంలో ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ అయినప్పుడు అమ్మమ్మ వాళ్ళూ కాలనీకి వచ్చేశారు. ఇప్పుడు స్లాబు ఇల్లు. ఫ్యాన్లున్నాయి, రోడ్డుంది, బస్సుంది. అమ్మమ్మ మాత్రం ఇప్పటికీ రాత్రిపూట లేచి నీళ్ళ బిందె కోసం కుడిచేతి వైపు తడుముతుంది. బిందె ఉన్నది ఎడమచేతి వైపు. పాత ఇంట్లో అది కుడిచేతి వైపు ఉండేది.

మా దగ్గరున్న ఆ ఇంటి ఫొటోలు మొత్తం పదకొండు. తొమ్మిదింటిలో పెళ్ళివాళ్ళే ఉన్నారు, ఇల్లు వాళ్ళ వెనక ఎక్కడో ఉంది. వంటింటి ఫొటో ఒక్కటీ లేదు. వంటింటికి ఎవరు ఫొటో తీస్తారు చెప్పండి?

మూరలు, యూనిట్లు

డూమ్ లెవెల్ గీయడం అంటే దాదాపు ఇంటి ప్లాన్ గీయడమే. పైనుంచి చూసినట్టు గీతలు గీస్తారు. గీతలు కలిసి ఒక గది అయితే దాన్ని 'సెక్టార్' అంటారు. ఆ సెక్టార్‌కి నేల ఎంత ఎత్తు, కప్పు ఎంత ఎత్తు, వెలుతురు ఎంత అని అంకెలు ఇవ్వాలి. వెలుతురు 0 అంటే చిమ్మచీకటి, 255 అంటే మిట్టమధ్యాహ్నం. అంతే!

ఇక కొలతలు కావాలి. టేపు పెట్టి కొలవడానికి ఇల్లు లేదు. అందుకని ఒక తెల్లకాగితం మీద నాలుగు గీతలు గీసి అమ్మమ్మ ముందు పెట్టాను.

"అరుగు ఎంత ఎత్తుండేది అమ్మమ్మా?"

"మూరన్నర ఉంటదిరా. మీ తాతయ్య కూచుంటే కాళ్ళు నేలకానేయి."

మూర అంటే అడుగున్నర. మూరన్నర అంటే రెండుంబాతిక అడుగులు. డూమ్‌లో మనిషి ఎత్తు 56 యూనిట్లు. అడుగుకి 10 యూనిట్లు అనుకుంటే మనవాడు ఐదున్నర అడుగుల పైచిలుకు. అరుగు 22 యూనిట్లు వచ్చింది. డూమ్‌లో మనిషి 24 యూనిట్ల ఎత్తు వరకూ ఆగకుండా ఎక్కేస్తాడు, అది దాటితే ఎక్కలేడు. అంటే మా తాతయ్య అరుగు మెట్టు లేకుండానే ఎక్కొచ్చు. నిజం ఇంట్లో కూడా మేం అలాగే ఎక్కేవాళ్ళం.

నుయ్యి ఇంకా బాగా కుదిరింది. నూతి వర రెండున్నర అడుగులు. అంటే 25 యూనిట్లు. 24 కంటే ఒక్కటి ఎక్కువ! ఆడేవాడు ఎంత ప్రయత్నించినా నూతిలో పడడు. "ఆ వర కట్టించింది మీ అమ్మ పడతాదనే" అంది అమ్మమ్మ.

గుమ్మాల దగ్గరే చిక్కు. డూమ్ మనిషి వెడల్పు 32 యూనిట్లు. అడుగుకి 10 లెక్కన మూడడుగుల గుమ్మం 30 యూనిట్లు. మనవాడు అందులో పట్టడు. ఇల్లు కట్టాలనుకునే ప్రతివాళ్ళకీ ఇది ఎదురయ్యే గొడవే. కొలత ఉన్నదున్నట్టు పెడితే ఇల్లు అగ్గిపెట్టెలా ఇరుకైపోతుంది. అందుకే అడ్డంగా కొలత పెంచుతారు. నేను ఎత్తుకి అడుగుకి 10, వెడల్పుకి అడుగుకి 16 పెట్టాను. గుమ్మం 48 అయింది.

వంటింటి గుమ్మం ఐదడుగుల నాలుగంగుళాలు. అందరం వంగి వెళ్ళేవాళ్ళం. కొత్తల్లుళ్ళ నుదుటికి ఒక్కసారైనా తగిలేది. డూమ్ హీరోకి ఎన్ని తుపాకులున్నా వంగడం మాత్రం రాదు. గెంతడం కూడా రాదు. అందుకని ఆ ఒక్క గుమ్మాన్ని 60 యూనిట్లకి పెంచక తప్పలేదు. ఈ ముక్క అమ్మమ్మకి చెప్తే చాలాసేపు నవ్వింది. "వంగనోడికి మనింట్లో అన్నం పుట్టేది కాదురా" అంది.

అటక ఎక్కని గేమ్

ఇప్పుడొచ్చే కొత్త ఇంజిన్లలో అయితే ఏటవాలు కప్పులు, గది మీద గది, పక్కకి తెరుచుకునే తలుపులు అన్నీ పెట్టొచ్చు. నేను మాత్రం 1993 నాటి పాత పద్ధతిలోనే చేశాను. వాళ్ళ భాషలో దీన్ని 'వెనిల్లా' అంటారు. పాత పద్ధతిలో చేసింది పాత కంప్యూటర్‌లోనూ నడుస్తుంది, ఫోన్‌లోనూ నడుస్తుంది, ఇంకో ఇరవయ్యేళ్ళకి వచ్చే దాంట్లో కూడా నడిచే అవకాశం ఎక్కువ. నాకు కావలసింది అదే.

కానీ పాత పద్ధతికి కొన్ని పట్టింపులున్నాయి. తలుపు అంటే అసలు తలుపు కాదు, పైకి లేచే కప్పు! రెక్కల తలుపు పెడితే కిరాణా కొట్టు షట్టర్‌లా సర్రుమని పైకి పోతుంది. అందుకని తలుపులే పెట్టలేదు. అన్నీ తీసే ఉంచాను. మా అమ్మమ్మ ఊళ్ళో పగలు తలుపులు వేసుకున్నది ఎవరు గనక?

పెంకుల కప్పు ఏటవాలుగా రాదు. వసారా పొడుగునా సన్నసన్నని సెక్టార్లు గీసి, ఒక్కోదాని కప్పు కొంచెం కొంచెం దించుకుంటూ చూరు దాకా తెచ్చాను. దూరం నుంచి చూస్తే పెంకుల వరసల్లాగే ఉంది. పెరడు చాలా తేలిక. కప్పు చోట ఆకాశం బొమ్మ పెడితే అదే ఆరుబయలు. డూమ్ మొత్తం 256 రంగులతో నడుస్తుంది. అందులో మట్టి రంగులకి కొదవ లేదు. ఎర్రమట్టి గోడలకీ, వరద గోదారికీ సరిగ్గా సరిపోయాయి.

అటక మాత్రం పెట్టలేకపోయాను. పాత డూమ్‌లో ఒక గది మీద ఇంకో గది ఉండదు. ప్లాన్‌లో ఒక చోట ఒకే నేల, ఒకే కప్పు. మా అమ్మమ్మ ఇంట్లో వంటింటి పైన అటక ఉండేది. ఊరగాయ జాడీలు, పెళ్ళిళ్ళ గుండిగలు, మావయ్య పాత పుస్తకాలు అన్నీ అక్కడే. వంటింట్లో నిలబడి పైకి చూస్తే నల్లటి చెక్క కనిపించేలా కప్పు గీశాను. దాని పైన ఏముందో ఆడేవాళ్ళకి తెలియదు. మాకు తెలుసు.

రాక్షసులెక్కడ?

డూమ్ మొదలైన దగ్గర్నుంచీ జనం తమ ఇళ్ళనీ కాలేజీలనీ ఆఫీసులనీ లెవెల్స్‌గా కడుతూనే ఉన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే పనిగా దాన్ని తేలిగ్గా చూసేవాళ్ళు కూడా ఉన్నారు. 2023 మార్చిలో 'మై హౌస్' అనే లెవెల్ వచ్చాక ఆ చూపు మారింది. చనిపోయిన స్నేహితుడు వదిలేసిన ఇంటి మ్యాప్‌ని పూర్తి చేశానన్న కథతో వచ్చింది అది. మొదట మామూలు ఇల్లే. లోపలికి వెళ్ళేకొద్దీ గదులు మారిపోతాయి, వచ్చిన దారి ఉండదు, ఇల్లు మనల్ని మింగేస్తున్నట్టు ఉంటుంది. డూమ్ ఎప్పుడూ ఆడనివాళ్ళు కూడా దాని వీడియోలు చూశారు.

నాది అలాంటి మాయ ఇల్లు కాదు. రాక్షసులు లేరు, తాళాలు లేవు. అరుగెక్కి లోపలికి వెళ్ళి, వంటింట్లోంచి పెరట్లోకి వచ్చి, రేవు మెట్ల దాకా వెళ్తే లెవెల్ అయిపోతుంది.

చేసిన లెవెల్‌ని వేరేవాళ్ళ చేత ఆడించి చూసుకోవడం వీళ్ళ పద్ధతి. ఆడినవాళ్ళు మాటల్లో చెప్పడమే కాదు, 'డెమో' అనే ఫైల్ పంపిస్తారు. అది వీడియో కాదు. సెకనుకి 35 సార్లు ఆ మనిషి ఏ బటన్ నొక్కాడో రాసుకున్న చిట్టా. సైజు చాలా చిన్నది. దాన్ని మన గేమ్‌లో నడిపిస్తే అతను నడిచినట్టే మనమూ నడుస్తాం, అతను చూసిన వైపే చూస్తాం.

నాకు పోర్చుగల్ నుంచి ఒకతను డెమో పంపాడు. మొదటి నిమిషమంతా తుపాకీ ఎత్తిపట్టి ప్రతి మూలా వెతికాడు పాపం, ఎవడు దూకుతాడో అని. వంటింట్లోకి వచ్చేసరికి వేగం తగ్గింది. పెరట్లో నూతి చుట్టూ ఒకసారి తిరిగాడు. తరవాత మళ్ళీ వెనక్కి వచ్చి, అరుగు మీద నిలబడి, వీధి వైపు తిరిగి చాలాసేపు అలాగే ఉన్నాడు. ఏ బటనూ నొక్కలేదు. మా తాతయ్య కూర్చునే చోటు అదేనని అతనికి ఎవరూ చెప్పలేదు.

నీళ్ళు పెట్టాలా, వద్దా?

అసలు గొడవ ఇక్కడొచ్చింది. డూమ్‌లో ఒక గీత దాటగానే నేల పైకి లేచేలా చేయొచ్చు. అంటే ఆడేవాడు రేవు దగ్గరికి రాగానే గోదారి లేచి, పెరట్లోకి వచ్చి, అరుగు ఎక్కేలా పెట్టొచ్చు. చాలా బలంగా ఉంటుంది కదా అనిపించింది. మా బావ అయితే "అదే పెట్టరా, అది లేకపోతే ఇందులో ఏముంది? ఖాళీ ఇల్లు. జనానికి జరిగింది తెలియాలి కదా" అన్నాడు. బావ మాటలో న్యాయం ఉంది. ఊరెందుకు లేదో చెప్పకుండా ఊరిని చూపిస్తే సగమే చెప్పినట్టు.

ఒక రోజంతా కూర్చుని అది కూడా చేసి చూశాను. పాత డూమ్‌లో మునగడం అనేది లేదు. నీళ్ళు అంటే నీటి రంగు వేసిన నేల. అది లేస్తే దానితోపాటు మనిషీ లేస్తాడు. వరదొస్తుంటే మనవాడు దాని మీద హాయిగా నిలబడి పైకి వస్తాడు. చూడ్డానికి బాగుంది. కానీ మా వాళ్ళెవరూ అలా తేలలేదు.

ఆదివారం కాలనీకి వెళ్ళి ఫోన్‌లో రెండూ చూపించాను. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. నీళ్ళు లేచేదాన్ని మధ్యలోనే ఆపమంది.

"నీళ్ళొద్దురా నాన్నా. నీళ్ళు టీవీలో అందరూ చూశారు. ఇల్లు ఎవడూ చూళ్ళేదు. ఇల్లు చూపించు."

బావ ఇంకేం అనలేదు. నేను నీళ్ళ గీత తీసేశాను. ఊరికి ఏం జరిగిందో లెవెల్‌తోపాటు పెట్టే కాగితంలో నాలుగు వాక్యాల్లో రాశాను. తరవాత అమ్మమ్మ ఫోన్ తనే పట్టుకుంది. నడవడం రాలేదు, వేలు ఎటు పెడితే అటు గిర్రున తిరిగింది. కాసేపటికి వంటింటి గుమ్మం దాటింది. దాటుతూ తల వంచింది.

సర్వర్ మీద ఇల్లు కట్టొద్దు

ఇవాళ ఫోన్ గేముల్లో కూడా మ్యాపులు కట్టుకునే సదుపాయం ఉంది. ఫ్రీ ఫైర్‌లో క్రాఫ్ట్‌ల్యాండ్ ఉంది, బీజీఎంఐలో వరల్డ్ ఆఫ్ వండర్ ఉంది, రోబ్లాక్స్ మొత్తం అదే. డూమ్ కంటే చాలా తేలిక కూడా. మరి ఈ ముసలి గేమ్ ఎందుకు అని మీరు అడగొచ్చు.

2020 సెప్టెంబర్‌లో పబ్‌జీ మొబైల్‌నీ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌నీ మన దేశంలో నిషేధించినప్పుడు ఏం జరిగిందో గుర్తుందా? నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే సంగతి. కంపెనీ సర్వర్ మీద ఉన్నది ఆ సర్వర్ ఉన్నన్నాళ్ళే మనది. వాడ్ అలాక్కాదు. అది మీ దగ్గరుండే ఫైల్. మెమరీ కార్డులో పెట్టుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌లో వేసి చుట్టాలకి ఇవ్వొచ్చు. 1994లో ఎవరో కట్టిన లెవెల్ ఇవాళ మీ ఫోన్‌లో నడుస్తుంది. ఒకసారి ఇల్లు ఖాళీ చేసినవాళ్ళకి ఈ తేడా చిన్నదేం కాదు.

మీరూ కట్టాలనుకుంటే...

ముందు 'ఫ్రీడూమ్' దించుకోండి. డూమ్ ఇంజిన్ మీద నడిచేలా అభిమానులే బొమ్మలూ శబ్దాలూ కొత్తగా చేసిన ఉచిత గేమ్ ఇది. ఆండ్రాయిడ్‌లోనూ ఆడొచ్చు. కట్టడానికి మాత్రం కంప్యూటర్ కావాలి. గొప్పదేం అక్కర్లేదు, నాది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్. 'అల్టిమేట్ డూమ్ బిల్డర్' అనే ఎడిటర్ ఉచితం. ఒక చదరం గీయండి, మధ్యలో ఆటగాడు మొదలయ్యే గుర్తు పెట్టండి, సేవ్ చేసి నడపండి. మీ మొదటి గది తయారు. పది నిమిషాల పని. రెండో గదికి గుమ్మం పెట్టడానికి ఒక సాయంత్రం. ఆ తరవాత మిమ్మల్ని ఎవరూ ఆపలేరు.

ఇల్లు కడతానంటే ఇంకో మాట. ఎడిటర్ నేర్చుకోవడానికి ఎప్పుడైనా టైమ్ ఉంటుంది. ముందు టేపు పట్టుకుని వెళ్ళి కొలతలు రాసుకోండి. వంటింటిని ఫొటో తీయండి. గూళ్ళు, నూతి వర, గాబు, దండెం కట్టిన మేకులు, ఎవరూ ఫొటో తీయనివన్నీ తీయండి. ఇల్లు లేకపోతే ఆ ఇంట్లో ఉన్నవాళ్ళని మూరల్లో అడగండి. వాళ్ళకి గుర్తుంటుంది.

లెవెల్‌తోపాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టడం డూమ్ వాళ్ళ పాత ఆచారం. చేసినవాళ్ళ పేరు, వాడిన ఎడిటర్, పట్టిన రోజులు, అన్నీ అందులో ఉంటాయి. చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది, ఈ లెవెల్ మీద వేరేవాళ్ళు కొత్తది కట్టుకోవచ్చా అని. చాలామంది వద్దని రాస్తారు, అది వాళ్ళ కష్టం. నేను కట్టుకోవచ్చని రాశాను. మా అమ్మమ్మ ఇంటికి ఎడం పక్కన, కుడి పక్కన చాలా ఖాళీ ఉంది. ఆ ఊరివాళ్ళెవరైనా తమ ఇల్లు అక్కడే కట్టుకోవాలనుకుంటే, కొలతలు తీసుకుని రండి. వీధి వెడల్పు 320 యూనిట్లు పెట్టాను. రెండు ఎడ్లబళ్ళు పడతాయి.